కొత్త ఫోన్‌కు ఆయుష్షెంత?

ప్రశ్నలు - జవాబులు

2025 జూన్‌లో ఆండ్రాయిడ్ 16 వచ్చింది. సెప్టెంబరులో ఐఫోన్ 17తో పాటే ఐఓఎస్ 26 దిగింది. ఆ తర్వాత శాంసంగ్, వివో, వన్‌ప్లస్, షావోమీ కంపెనీలు ఆండ్రాయిడ్ 16ను తమ తమ పేర్లతో పాత ఫోన్లకు పంపడం మొదలుపెట్టాయి. దాంతో మాకు ఉత్తరాలు కుప్పలు పడ్డాయి. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగినవాళ్లు తక్కువ. చర్ల, దుమ్ముగూడెం, గుండాల వైపు వాళ్లు అడిగేదల్లా సిగ్నల్ గురించి, చార్జింగ్ గురించి, డ్యూటీ యాప్‌ల గురించి, పెట్టిన డబ్బు ఎన్నేళ్లు నిలుస్తుందన్న దాని గురించి. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: అన్నయ్య వాడిన ఐఫోన్ 12 నాకిచ్చాడు. ఐఓఎస్ 26 వేసుకున్నాను. ఇప్పుడు తెరంతా అద్దాలు అతికించినట్టుంది. ఎండలో గోదావరి బ్రిడ్జి మీద నిలబడి చూస్తే నోటిఫికేషన్‌లో తెలుగు అక్షరాలు ఆనడం లేదు. పాత వెర్షన్‌కు వెళ్లిపోవచ్చా?
- డిగ్రీ విద్యార్థి, భద్రాచలం

జవాబు: ఈ గొడవ నీ ఒక్కడిదే కాదు తమ్ముడూ. ఆ అద్దాల రూపానికి ఆపిల్ పెట్టిన పేరు లిక్విడ్ గ్లాస్. 2013లో ఐఓఎస్ 7 వచ్చినప్పటి నుంచి తెర రూపం ఇంతగా మారడం ఇదే. బాగుందన్నవాళ్లూ ఉన్నారు, కళ్లు లాగుతున్నాయన్నవాళ్లూ ఉన్నారు. రెండోవాళ్ల గోల గట్టిగానే వినబడినట్టుంది. నవంబరులో ఇచ్చిన 26.1లో 'టింటెడ్' అనే ఎంపిక చేర్చారు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్‌లోకి వెళ్లి, లిక్విడ్ గ్లాస్ దగ్గర దాన్ని ఎంచుకో. అదీ చాలకపోతే యాక్సెసిబిలిటీలో 'రెడ్యూస్ ట్రాన్స్‌పరెన్సీ', 'ఇంక్రీజ్ కాంట్రాస్ట్' రెండూ ఆన్ చెయ్. ఎండలో కూడా చదవగలుగుతావు.

వెనక్కి వెళ్లే దారి మాత్రం దాదాపు లేదు. కొత్త వెర్షన్ వచ్చిన కొన్నాళ్లకే పాతదాన్ని ఎక్కించుకోవడానికి ఆపిల్ అనుమతి ఆపేస్తుంది. వెళ్లగలిగినా వెళ్లమని నేను చెప్పను. 2018 ఫిబ్రవరిలో జరిగింది గుర్తు చేస్తాను. 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లో ఆ యాప్ కుప్పకూలిపోయేది. ఎక్కడెక్కడి వాళ్లో ఆటపట్టించడానికి ఒకరికొకరు ఆ అక్షరం పంపుకున్నారు. కొద్ది రోజుల్లోనే 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. అది వేసుకున్నవాళ్లకు తెలుగు తిరిగొచ్చింది, వేసుకోనివాళ్లకు తిప్పలు మిగిలాయి. తెర రూపం నచ్చకపోతే సెట్టింగ్స్‌లో మార్చుకో. అప్‌డేట్‌లు మాత్రం మానకు.

ప్రశ్న: నాది నాలుగేళ్ల కిందటి ఆండ్రాయిడ్ ఫోన్. మొన్న అప్‌డేట్ చేసిన దగ్గర్నుంచి షిఫ్టు దిగేసరికి చార్జింగ్ నిల్. కొత్త ఫోన్ కొనిపించడానికే కంపెనీలు ఇలా చేస్తాయని మా క్యాంటీన్‌లో అంతా అంటున్నారు. నిజమేనా?
- సింగరేణి ఉద్యోగి, మణుగూరు

జవాబు: క్యాంటీన్ మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా వాటి వేగం తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. తగ్గించినందుకంటే చెప్పకుండా తగ్గించినందుకే జనానికి మండింది. 2018 అక్టోబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఆపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. పాత ఫోన్లకు మోయలేని అప్‌డేట్‌లు ఎక్కించి నెమ్మదింపజేశారన్నది అభియోగం.

అలాగని మీ ఫోన్ విషయంలో కుట్ర ఉందనుకోకండి. పెద్ద అప్‌డేట్ పడ్డాక ఫోన్ రెండు మూడు రోజులు లోలోపల పని చేసుకుంటూనే ఉంటుంది. ప్రతి యాప్‌నూ కొత్త వెర్షన్‌కు తగ్గట్టు సిద్ధం చేసుకుంటుంది, ఫొటోలన్నిటినీ మళ్లీ లెక్క చూసుకుంటుంది. ఆ రెండు మూడు రోజులు ఓపిక పట్టండి. వారం దాటినా తీరు మారకపోతే తప్పు బ్యాటరీది. వేడి బ్యాటరీకి శత్రువు. 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని ఆపిల్ తన ఫోన్లకు చెబుతుంది. మే నెలలో మన మణుగూరు, కొత్తగూడెం ఎండల సంగతి మీకు నేను చెప్పాలా? బండి ట్యాంక్ కవర్లో ఫోన్ పెట్టడం మానండి. బ్యాటరీ మార్పించండి. స్టోరేజీలో కనీసం ఐదో వంతు ఖాళీ ఉంచండి. ఈ రెండు పనులతో ఫోన్ చాలావరకు దారికొస్తుంది.

ఒకటి మాత్రం చూసుకోండి. సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిస్తే 'సెక్యూరిటీ ప్యాచ్' అని ఒక తేదీ ఉంటుంది. అది ఏడాది కిందటిదైతే, అప్‌డేట్ ఉందా అని వెతికినా రాకపోతే, మీ ఫోన్‌ను కంపెనీ వదిలేసినట్టే. అప్పుడు కొత్త ఫోన్ గురించి ఆలోచించండి. బ్యాటరీ కోసం కాదు, అందులో మీ బ్యాంకు యాప్ ఉంది కాబట్టి.

ప్రశ్న: పోషణ్ ట్రాకర్‌లో తల్లుల ముఖం చూపించి రేషన్ ఇవ్వాలి. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఫోన్ పాతది. యాప్ తెరవగానే ఆగిపోతుంది. పైగా మా ఊళ్లో సిగ్నల్ అంతంతమాత్రం. ఓఎస్ అప్‌డేట్ చేస్తే బాగవుతుందా? నా డబ్బుతో కొత్త ఫోన్ కొనమంటారా?
- అంగన్‌వాడీ టీచర్, దుమ్ముగూడెం మండలం

జవాబు: టీచర్ గారూ, ఇంటికి ఇచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు తప్పనిసరి అని కేంద్రం 2025 జూలై 1 నుంచి అమల్లో పెట్టింది. 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ మొదలైనప్పుడు అందులో పేర్లు, బరువులు, ఎత్తులు ఎక్కిస్తే సరిపోయేది. ముఖం పోల్చడమంటే ఫోన్‌కు అంతకంటే చాలా బరువైన పని. చిన్న ర్యామ్ ఉన్న ఫోన్ తట్టుకోలేదు. అందువల్ల యాప్ ఆగిపోవడం మీ చేతకానితనం కాదు.

ముందు ఖర్చు లేని పనులు చేసి చూడండి. ప్లేస్టోర్‌లో 'ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ', 'క్రోమ్' రెండిటినీ అప్‌డేట్ చేయండి. చాలా యాప్‌లు వీటి మీదే ఆధారపడి నడుస్తాయి. 2021 మార్చిలో ఒక్క వెబ్‌వ్యూ చెడితే ప్రపంచమంతా ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్‌లు వరసపెట్టి ఆగిపోయాయి. వాట్సాప్ వీడియోలు తుడిచి జాగా చేయండి. యాప్‌లో ఇంకా పైకి ఎక్కని వివరాలు ఉంటే, సిగ్నల్ దొరికే చోటికి వెళ్లి ముందు అవి ఎక్కించండి. అది అయ్యేదాకా 'రీసెట్' జోలికి పోవద్దు. ఓఎస్ అప్‌డేట్ వచ్చి ఉంటే భద్రాచలం వెళ్లినప్పుడు వైఫై దగ్గర, అదీ శనివారం సాయంత్రం చేసుకోండి. రేషన్ ఇచ్చే రోజు పొద్దున మాత్రం ఆ పని పెట్టుకోకండి.

ఇవన్నీ చేసినా నడవకపోతే మీ జేబులోంచి తీయకముందు ఒక కాగితం రాయండి. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ప్యాచ్ తేదీ, ర్యామ్ ఎంత, యాప్ ఎక్కడ ఆగుతోంది, ఆ స్క్రీన్‌షాట్, ఏయే తేదీల్లో ఇలా అయింది అన్నీ రాసి సూపర్‌వైజర్ ద్వారా సీడీపీఓకు ఇచ్చి నకలు దాచుకోండి. 'ఫోన్ పనిచేయడం లేదు' అన్న నోటిమాట గాలికి పోతుంది. బాలామృతం అందలేదని రేపు ఏ తల్లయినా అడిగితే మీ చేతిలో రుజువు ఉండాలి.

ప్రశ్న: మా ఊరు ఛత్తీస్‌గఢ్ అంచున ఉంటది. ఒక్క కంపెనీ టవరే ఉంది, అదీ గుట్ట ఎక్కితేనే. పత్తి అమ్మిన డబ్బులున్నాయి. 5జీ ఫోన్ కొంటే సిగ్నల్ బాగా అందుతుందని షాపాయన చెప్తున్నాడు. కొనమంటారా?
- పత్తి రైతు, చర్ల మండలం

జవాబు: 5జీ అన్న ముద్ర చూసి కొనకండి అన్నా. టవరులో 5జీ లేకుంటే ఫోన్లో ఉన్న 5జీ ఏం చేస్తుంది? మీకు కావలసింది ఆ ఫోన్ ఏ 4జీ బ్యాండ్లు పడుతుందన్న లెక్క. తరంగం పౌనఃపున్యం తక్కువైన కొద్దీ దూరం పోతుంది, చెట్లనూ గోడలనూ దాటుకుని వస్తుంది. 5జీలో ఎక్కువగా వాడే 3500 మెగాహెర్ట్జ్ తరంగం టౌన్‌లో దూసుకుపోతుంది గానీ అడవిలో తొందరగా చచ్చిపోతుంది. మీ టవరు బీఎస్ఎన్ఎల్‌దైతే, అది తన 4జీకి 700, 2100 మెగాహెర్ట్జ్ వాడుతోంది. ఆ 700కు ఫోన్ల లెక్కలో పేరు బ్యాండ్ 28. డబ్బా మీదో కంపెనీ సైట్‌లోనో 4జీ బ్యాండ్ల వరస ఉంటుంది. అందులో 28 ఉందో లేదో షాపాయన చేతనే చూపించమనండి. ఆ అంకె లేని ఫోన్ టవరు కిందే ఉన్నా ఆ తరంగాన్ని పట్టదు.

ఇంకో మంచి మార్పు వచ్చింది. సర్కారు సొమ్ముతో పల్లెల్లో కట్టిన టవర్లను బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్ ఖాతాదారులు ఎవరైనా వాడుకునే ఏర్పాటు 2025 జనవరి 17న మొదలైంది. దీన్ని ఇంట్రా సర్కిల్ రోమింగ్ అంటారు. మీ దగ్గరి టవరు అలాంటిదైతే వేరే కంపెనీ సిమ్ కూడా దాన్ని పట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపికను 'ఆటోమేటిక్'లో, డేటా రోమింగ్‌ను ఆన్‌లో ఉంచండి.

హద్దు సంగతి కూడా చెప్తాను. 2014లో రాష్ట్రం రెండయినా టెలికాం లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. భద్రాచలం నుంచి ఎటపాకకు పోతే రాష్ట్రం మారుతుంది గానీ రోమింగ్ రాదు. చర్ల దాటి పామేడు దిక్కు పోతే ఛత్తీస్‌గఢ్, టెలికాం లెక్కలో అది మధ్యప్రదేశ్ సర్కిల్, ఫోన్ మీద రోమింగ్ గుర్తు పడుతుంది. భయపడకండి, ఇప్పటి ప్యాక్‌లలో దేశం లోపల రోమింగ్‌కు సాధారణంగా వేరే చార్జీ ఉండదు.

కొనేముందు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. మీరు అనుకున్న మోడల్ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఎవరి దగ్గరైనా ఉంటే, మీ సిమ్ అందులో వేసి మీ ఇంటి అరుగు మీద నిలబడి ఒక కాల్ చేసి చూడండి. షాపులో చూపించే సిగ్నల్ చర్ల సెంటర్ సిగ్నల్, మీ ఊరిది కాదు.

ప్రశ్న: నా దగ్గర 12 వేలున్నాయి. ఒక ఫోన్ మీద '8+8 జీబీ ర్యామ్, ఏఐ, ఆండ్రాయిడ్ 15' అని ఉంది. ఇంకోదాని మీద అంత హంగు లేదు. జీఎస్టీ తగ్గింది కదా, ధర ఇంకా దిగుతుందా? ఫైనాన్స్‌లో తీసుకోనా?
- బీఎస్సీ విద్యార్థిని, పాల్వంచ

జవాబు: ఒక్కొక్కటే చూద్దాం అమ్మా. 2025 సెప్టెంబరు 22న పెద్ద టీవీలకు, ఏసీలకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఫోన్ల మీద 2020 ఏప్రిల్ నుంచి 18 శాతమే ఉంది, ఇప్పుడూ అంతే. దాని కోసం ఎదురుచూడక్కర్లేదు. '8+8'లో రెండో 8 అసలు ర్యామ్ కాదు. స్టోరేజీలోంచి అప్పు తెచ్చుకున్న జాగా, చాలా నెమ్మది. దాన్ని లెక్కలోంచి తీసేసి మొదటి అంకెనే పోల్చుకో.

షాపులో నువ్వు అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఈ మోడల్‌కు ఎన్నేళ్లు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తామని కంపెనీ మాట ఇచ్చింది? ఈ మోడల్ మార్కెట్లోకి ఎప్పుడొచ్చింది? రెండో ప్రశ్న ఎవరూ అడగరు, మోసపోయేది అక్కడే. కంపెనీ చెప్పే ఏళ్లు సాధారణంగా మోడల్ విడుదలైన నాటి నుంచి లెక్క, నువ్వు కొన్ననాటి నుంచి కాదు. నాలుగేళ్ల మాట ఉన్న ఫోన్‌ను అది వచ్చిన మూడేళ్ల తర్వాత డిస్కౌంట్‌లో కొంటే నీకు మిగిలేది ఒక్క ఏడాది. గూగుల్ 2023లో పిక్సెల్ 8కు, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కు ఏడేళ్లు ఇస్తామన్నాయి. అవి ఖరీదైనవి. అయితే 2024లో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీ లాంటి తక్కువ ధర ఫోన్‌కూ శాంసంగ్ ఆరేళ్ల మాట ఇచ్చింది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఇది చట్టమే. ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్‌లు ఇవ్వాలి. మన దగ్గర అలాంటి నిబంధన లేదు గనక నువ్వే అడిగి తెలుసుకోవాలి. ఇప్పటికే వెనకబడిన వెర్షన్‌తో వచ్చి, మాట కూడా ఇవ్వని ఫోన్ మీద ఏఐ అని ఎంత పెద్దగా రాసినా దాన్ని ముట్టుకోకు.

ఫైనాన్స్ అయితే సంతకం పెట్టేముందు రెండు అడుగు. మొత్తం కలిపి ఎంత కడతాను? కిస్తీ తప్పితే ఫోన్ లాక్ చేసే యాప్ ఏమైనా ఇందులో వేస్తారా? పరీక్ష ఫీజు కట్టే రోజున ఫోన్ లాకైతే నీకే కష్టం. చేతిలో ఉన్న 12 వేలకు వచ్చేదే తీసుకో.

సెకండ్ హ్యాండ్ కొంటే *#06# కొట్టి 15 అంకెల ఐఎంఈఐ చూడు. మెసేజ్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో 'కేవైఎం' అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు పంపు. దొంగ ఫోన్ అని బ్లాక్ చేసి ఉంటే తెలిసిపోతుంది. బిల్లు లేకుండా మాత్రం కొనొద్దు.

ప్రశ్న: కొత్త ఫోన్లలో ఏఐతో తెలుగులో మాట్లాడొచ్చంటున్నారు. మా అవ్వ కోయలో మాట్లాడితే అదేదో రాస్తుంది. కోయ మాటలు ఫోన్‌కు ఎప్పుడొస్తాయి?
- కోయ యువకుడు, గుండాల

జవాబు: గూగుల్ జెమినై లైవ్ 2024 నుంచి తెలుగులో మాట్లాడుతోంది. అవ్వ కోయలో మాట్లాడితే అది తెలుగే అనుకుని, వినబడిన ధ్వనికి దగ్గరున్న తెలుగు మాట రాస్తుంది. తప్పు అవ్వది కాదు. 2024 జూన్‌లో గూగుల్ ట్రాన్స్‌లేట్ ఒక్కసారే 110 భాషలు చేర్చుకుంది. సంతాలీ, తుళు వచ్చాయి, కోయకు చోటు దక్కలేదు. 2025 సెప్టెంబరులో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 'ఆది వాణి' అనే యాప్ తెచ్చింది. అందులో సంతాలీ, భీలీ, ముండారీలతో పాటు గోండీ ఉంది. గోండీ కోయకు దగ్గరి చుట్టం గనక పెట్టి చూడు, కొన్ని మాటలు కలుస్తాయి. మీ ఊరి కోయ మాత్రం అందులో దొరకదు.

యంత్రం భాష నేర్చుకునేది జనం రాసిన దాన్నుంచి, మాట్లాడి దాచిన దాన్నుంచి. కోయలో అలాంటిది తక్కువ. నీ ఫోన్ ఈలోపు చేయగల పని ఒకటుంది. అవ్వ చెప్పే కథలు, విత్తనాల పేర్లు, చెట్ల పేర్లు రికార్డర్‌లో పట్టి పెట్టు. తెలుగు కీబోర్డుతోనే కోయ మాటలు టైప్ చెయ్. అయితే వాయిస్ టైపింగ్, సరిదిద్దే సెట్టింగ్ రెండూ ఆపేసుకో, లేకుంటే నీ కోయను తెలుగు చేసేస్తుంది. దీనికి ఏఐ ఫోన్ అక్కర్లేదు, సిగ్నల్ కూడా అక్కర్లేదు.

ప్రశ్న: ఆ మధ్య ఫోన్ సైరన్‌లా మోగి తెర మీద హెచ్చరిక పడింది. అప్‌డేట్ చేశాక అది ఉందో పోయిందో తెలియడం లేదు. గోదావరి వస్తే ఎలా? ఐఫోన్ అయితే సిగ్నల్ లేకున్నా శాటిలైట్‌తో మాట్లాడుతుందట, నిజమా?
- గృహిణి, బూర్గంపాడు

జవాబు: ఆ సైరన్ పేరు సెల్ బ్రాడ్‌కాస్ట్. 2023లో దేశమంతా పరీక్షగా మోగించారు. దానికి నెట్ ప్యాక్ అక్కర్లేదు. ఒక టవరు పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి చేరుతుంది. సెట్టింగ్స్ పైన వెతికే చోట 'వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్' అని కొట్టి, అన్నీ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. అప్‌డేట్ అయిన ప్రతిసారీ, వానాకాలం ముందు మరోసారి చూసుకోండి.

ఐఫోన్ శాటిలైట్ మాట సగం నిజం. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి ఆ సౌకర్యం ఉంది గానీ, మన దేశంలో ఆపిల్ దాన్ని ఇవ్వడం లేదు. దాని కోసం డబ్బు పెట్టకండి.

ఏ ఫోన్‌నైనా టవరు ఉన్నంతవరకే నమ్మాలి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. అంత నీటిలో కరెంటు ఎప్పుడు పోతుందో, టవరు ఎప్పుడు మూగబోతుందో ఎవరూ చెప్పలేరు. మొదటి హెచ్చరిక రాగానే ఫోన్లన్నీ, పవర్ బ్యాంకు సహా, నిండా చార్జింగ్ పెట్టుకోండి. కంట్రోల్ రూం నంబరు, చుట్టాల నంబర్లు కాగితం మీద రాసి పెట్టుకోండి. రెండో హెచ్చరిక వినబడ్డాక మాత్రం ఫోన్ చూస్తూ కూర్చోవద్దు, కదలండి.

ప్రశ్న: నాయనమ్మ బటన్ల జియోఫోన్‌లో వాట్సాప్ ఆగిపోయింది. ఫోన్ చెడిందా? పెన్షన్ డబ్బులు ఫోన్లో పంపుకునే దారి ఏమైనా ఉందా?
- మనవడు, టేకులపల్లి

జవాబు: ఫోన్ చెడలేదు. 2017లో వచ్చిన జియోఫోన్ నడిచేది కైఓఎస్ మీద. వాట్సాప్ 2024 జూన్‌లో దాని స్టోర్ నుంచి తప్పుకుని, 2025 మొదట్లో పూర్తిగా ఆపేసింది. ఆండ్రాయిడ్‌లోనూ 5.0 కంటే పాతవాటికి 2025 జనవరి 1 నుంచి వాట్సాప్ లేదు. కాల్స్ బాగానే వెళ్తుంటే ఆ ఫోన్‌ను ఆవిడ దగ్గరే ఉండనివ్వు.

డబ్బు పంపడానికి స్మార్ట్‌ఫోన్ తప్పనిసరి కాదు. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు బటన్ ఫోన్ల కోసం యూపీఐ 123పే తెచ్చింది. ఒక విడత 10 వేల వరకు పంపుకోవచ్చు. సిమ్ కంపెనీ ఇస్తుంటే, నెట్ లేకున్నా *99# కూడా ఉంది. రెండిటికీ బ్యాంకులో ఆవిడ ఇచ్చిన నంబరు ఆ ఫోన్లోనే ఉండాలి. పిన్ మాత్రం ఆవిడే కొట్టాలి, నీకైనా చెప్పొద్దు.

ప్రశ్న: మా ఊరి గ్రూపులో 'ఆండ్రాయిడ్ 16 ఉచిత అప్‌డేట్' అని ఒక ఏపీకే ఫైల్ వచ్చింది. నొక్కాను. ఇప్పుడేం చేయాలి?
- ఆటో డ్రైవర్, ములకలపల్లి

జవాబు: ఇది చదువుతూనే ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టు, వైఫై కూడా ఆపు. ఇంకొకరి ఫోన్ నుంచి 1930కి, ఆ తర్వాత నీ బ్యాంకుకు కాల్ చేసి ఖాతా ఆపించు. డబ్బు పోయి ఉంటే ఎంత తొందరగా చెబితే అంత మంచిది. తర్వాత ఆ యాప్‌ను తీసేసి, ఫొటోలు భద్రపరచుకుని, ఫోన్ మొత్తం రీసెట్ చేసి, పాస్‌వర్డులు మార్చు.

ఓఎస్ అప్‌డేట్ వాట్సాప్‌లో ఎన్నడూ రాదు. సెట్టింగ్స్‌లో 'సాఫ్ట్‌వేర్ అప్‌డేట్' అన్న చోటే వస్తుంది. నిన్న చలానా పేరుతో, మొన్న పీఎం కిసాన్ పేరుతో వచ్చిన ఏపీకేలే ఇప్పుడు కొత్త వెర్షన్ పేరు తగిలించుకున్నాయి. నిజమైన ఆండ్రాయిడ్ 16 వచ్చిన ఫోన్లలో 'అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్' అనే సెట్టింగ్ ఉంటే ఆన్ చేసుకో. బయటి నుంచి వచ్చే ఇలాంటి ఫైళ్లను అదే ఆపుతుంది. గ్రూపులో కూడా ఒక మాట రాసి పెట్టు, ఇంకెవరూ నొక్కకుండా.

ఉత్తరం రాసేవాళ్లకు మనవి: ఫోన్ మోడల్, ఓఎస్ వెర్షన్, సెక్యూరిటీ ప్యాచ్ తేదీ, మీ ఊళ్లో ఏ కంపెనీ సిగ్నల్ ఉందో తప్పకుండా రాయండి. ఓటీపీలు, పిన్‌లు, ఆధార్ నంబర్లు మాకు పంపకండి.